పెళ్ళి వీడియో, రెండు ఫ్యానుల కార్డు

“కొనమని మీకెవరు సెప్పారండీ? ఉన్న కంప్యూటరు ఏదోలా ఈడ్చుకొస్తన్నాది. దాని పొట్ట ఇప్పి మరీ పాడు సేశారు!”

“పాడవలేదే. కార్డు కనపడ్డం లేదు, అంతే.”

“కనపడకపోడమేటి? ఇటకంత ఉన్నాది. నా కళ్ళకి కనపడతన్నాది కదా!”

“నీ కళ్ళకి కాదే బాబూ, కంప్యూటరుకి! నువ్వు కాసేపు నోరు మూసుకుంటే దానికీ కనపడతాదేమో.”

“నా నోటికీ దానికీ సంబంధం ఏటండీ? ఆ కొట్టువాడు మిమ్మల్ని ముసలాయనని సూసి సచ్చిన సరుకు అంటగట్టాడు. అది ఒప్పుకోండి ముందు!”

మేమిలా అరుచుకుంటుంటే, గుమ్మంలో కూర్చున్న పెళ్ళికూతురు ఒకసారి మా ఆయన మొహం, ఒకసారి నా మొహం చూస్తోంది. పెళ్ళికూతురంటే మూడు వారాల కిందటి పెళ్ళికూతురు. సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే వాళ్ళ ఇంటి పిల్ల.

“తాతా, మా మావ రేపు పొద్దున్నే బండెక్కేత్తాడు. గుజరాత్ ఎల్లిపోతే మళ్ళీ ఎనిమిది నెల్లకి గానీ రాడు. పెళ్ళీడియో ఫోన్లో ఏసిత్తానని నాను మాటిచ్చీసినాను” అంది.

“మాటిచ్చింది నువ్వా, ఈయనా?” అన్నాను.

“ఇద్దరం ఇచ్చినాం మామ్మా. తాత నాకిచ్చినాడు, నాను మా మావకిచ్చినాను.”

మా ఆయన మళ్ళీ కంప్యూటరు మీదకి వంగారు. ఆ పిల్ల మగడు వెళ్ళేది అక్కడి బోట్ల మీద చేపల వేటకి. ఒకసారి వెళ్తే రోజుల తరబడి నీళ్ళ మీదే.

మాది అరసవల్లిలో ఫోటో స్టూడియో. ముందు గదిలో వ్యాపారం, వెనక రెండు గదుల్లో కాపురం. రీలు కెమెరాల నాటి నుంచి మా ఆయన పెళ్ళిళ్ళు తీస్తున్నారు. అరవై దాటాక ఆయనకి కొత్త కెమెరా మోజు పుట్టింది. దాంతో తీసిన మొదటి పెళ్ళి ఈ పిల్లదే. బొమ్మ అద్దంలా వచ్చింది గానీ, ఆ బరువు మా పాత కంప్యూటరు మొయ్యలేకపోయింది. పాటలు కలిపి వీడియో తయారు చెయ్యబోతే సగంలో బిగుసుకుపోయేది. గ్రాఫిక్స్ కార్డు వేస్తే ఆ పని అది అందుకుంటుందని ఎవరో చెప్పారట. నాతో మాటమాత్రం అనకుండా బజారుకి వెళ్ళి పట్టుకొచ్చేశారు.

ఇక మూడు రోజుల నుంచి అదే గొడవ. కార్డు పెడతారు, కంప్యూటరు వేస్తారు, లోపలున్న సామాన్ల పేర్లన్నీ తెర మీదకి తెప్పించి చూస్తారు. పాతవన్నీ ఉంటాయి, ఈ కార్డు పేరొక్కటే ఉండదు. మళ్ళీ కరెంటు తీస్తారు, కార్డు పీకుతారు. దాని అంచున బంగారు రంగు పళ్ళుంటాయి. వాటిని పిల్లలు రాతలు చెరుపుకునే రబ్బరుతో తోమి, మళ్ళీ పెడతారు. అయినా అంతే.

నేను చదివింది మూడో తరగతి. కానీ ఇంట్లోకొచ్చిన వస్తువు పని చేస్తోందో లేదో చూడటానికి అంతకన్నా చదువు అక్కర్లేదు. ఫోను అందుకుని, కొట్టువాడి నంబరు కలపమని ఆయన చేతికే ఇచ్చి, స్పీకరు పెట్టించాను.

“ఏటి బాబూ, ముసలోళ్ళకి ఏదిచ్చినా సెల్లిపోతాదనుకున్నావేటి?”

“అమ్మా, కార్డు సరిగ్గా కూర్చుందో లేదో ఒకసారి సూడమనండి సారుని.”

“పాతికసార్లు కూర్చోబెట్టారు, పాతికసార్లు లేపారు. నీ కార్డుకి రెండు ఫ్యానులున్నాయి, ఒక్కటీ తిరగదు! లోపలున్న మా పాత ఫ్యాను గిర్రున తిరుగుతన్నాది. సచ్చిన సరుకు కాకపోతే నీది ఎందుకు తిరగదూ?”

“ఫ్యాన్లు తిరగట్లేదా అమ్మా? ఆ ముక్క సారు సెప్పలేదే! మరి కరెంటు వైరు పెట్టారా దానికి? గుచ్చిన కాడ వచ్చే కరెంటు సాలదండి. డబ్బాలో స్పాంజి అడుగున చిన్న వైరు ఇస్తారు. పసుపూ నలుపూ తీగలు, సివర్న తెల్ల ప్లగ్గులు, రెండు కొమ్మలుగా ఉంటాది.”

“నేను స్పాంజి ఎత్తి సూడలేదయ్యా” అంటూ మా ఆయన నా వైపు తిరిగారు. “ఒసే, డబ్బా ఏదీ?”

మా ఇంటికొచ్చిన డబ్బాని నేను ఊరికే పోనివ్వను. ఆ డబ్బాలో అప్పటికే గుమ్మడి వడియాలున్నాయి. స్పాంజి రెండు ముక్కలై అంట్ల గట్టు దగ్గర చేరింది. ఇక తీగ. మంచి గట్టి తీగ, కొత్తది, దాని కోసం ఎవరూ అడగలేదు. చిన్న ఆవకాయ జాడీ మూతికి వాసెన గుడ్డ వేసి, చుట్టూ దాన్నే బిగించి మెలిపెట్టాను. పురికొసలా వదులవ్వదని మురిసిపోయాను కూడా.

“సూసొస్తానుండండి” అని వంటింట్లోకి నడిచాను.

మెలిక విప్పుతుంటే ఒక పాడు ఆలోచన వచ్చింది. చప్పుడు లేకుండా తీసుకెళ్ళి బల్ల కిందకి జారవిడిస్తే సరి. ‘మీ కాళ్ళ దగ్గరే ఉన్నాది, కళ్ళేటయ్యాయి?’ అని ఎదురు దబాయించొచ్చు కూడా. ఇంతలో మంచినీళ్ళ కోసం ఆ పిల్ల లోపలికొచ్చింది. జాడీ చూసింది, నా చేతిలో తీగ చూసింది. నోటికి కొంగడ్డం పెట్టుకుంది.

“నాను సెప్పన్లే మామ్మా. బల్ల కింద దొరికినాదని అనీయి.”

నా మనసులోది ఆ పిల్ల నోట వినేసరికి ఒళ్ళు మండింది.

“నోర్ముయ్యవే! ఇరవయ్యేళ్ళు నిండలేదు, నాకు అబద్ధాలు నేర్పుతన్నావా?” అని విసురుగా ముందు గదిలోకి వచ్చి, తీగని మా ఆయన ముందు పెట్టాను.

“ఇదిగోండి. ఆవకాయ జాడీకి కట్టాను. తప్పు నాది. కొట్టు బాబుది కాదు.”

ఫోను ఇంకా పెట్టెయ్యలేదు. అవతల ఆ అబ్బాయి పకపకా నవ్వాడు.

“ఆవకాయ ఎలాగున్నాదమ్మా?”

“బాగున్నాది. సచ్చిన సరుకన్నాను, మనసులో పెట్టుకోకు బాబూ.”

మా ఆయన తీగ వంక, నా వంక చూశారు. “మూడు రోజులై దాని పళ్ళు తోమతన్నానే నేను!” అన్నారు. తిడతారనుకున్నాను. కానీ తీగ మొహం దగ్గర పెట్టి పరీక్షగా చూడబోయి, కారం ఘాటుకి వరసగా నాలుగు తుమ్మారు. ఆ పిల్ల ఇక ఆపుకోలేక గుమ్మం పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ, పెదవి బిగబట్టాను.

నూనె ప్లగ్గుల దాకా రాలేదు. పొడిగుడ్డతో తీగ శుభ్రంగా తుడిచి, కరెంటు తీసేసి, ఒక కొస కార్డుకీ మిగతా కొమ్మలు కంప్యూటరు లోపలి వైర్లకీ తగిలించారు. స్విచ్చి వెయ్యగానే రెండు ఫ్యానులూ తిరిగాయి. తెర మీద కార్డు పేరు వచ్చింది. పరీక్ష పాసైనట్టు ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదివారు.

“రేపు పొద్దున్నే వచ్చీండమ్మా, ఇద్దరూ” అన్నారు ఆ పిల్లతో. ఎండ వాలకముందే అన్నం పెట్టి ఆటో ఎక్కించాను.

మర్నాడు ఆరింటికి ఆటోలో సంచులతో సహా వచ్చారు మొగుడూ పెళ్ళామూ. మా ఆయన రాత్రంతా కూర్చుని తయారు చేసిన వీడియోని ఆ అబ్బాయి ఫోనులోకి ఎక్కించి ఇచ్చారు. అతను గుమ్మంలోనే నిలబడి, తాళి కట్టే దాకా చూశాడు. తర్వాత ఫోను చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు. బండికి వేళవుతోందని ఆటోవాడు హారను కొట్టాడు. అతన్ని సాగనంపడానికి ఆ పిల్లా ఎక్కింది, ఇద్దరూ స్టేషనుకి వెళ్ళిపోయారు.