రైలు నేల మీద మూడు చుక్కలు

రాయడం నాకు కొత్త, తప్పులుంటే ఏమీ అనుకోకండి. నా భర్త పోయాక ఒక్కదాన్నే కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఆ చలికాలం రాయగడలో కోరాపుట్ రైలెక్కాను. కిటికీ బయట కొండలు మంచులో తేలుతున్నట్టు ఉన్నాయి. ఒళ్లో పులిహోర డబ్బా మూత తీయకుండా అలాగే పెట్టుకున్నాను.

ఎదురుగా కూర్చున్న కొండప్రాంతపు ముసలామె ఆనపకాయ బుర్రలోంచి రాగి అంబలి దొన్నెలోకి పోసుకుంది. తాగే ముందు మూడు చుక్కలు కింద వదిలింది.

"ఒలికిపోతంది మామ్మా!" అన్నాను.

ఆమె నవ్వింది. సంతలో నేర్చుకున్న తెలుగు ఆమెది. "ఒలకలేదమ్మి. దేవుడికెట్టేను. ముందు ఆయన తాగాల, తరవాతే నాను."

"రైల్లో కూడానా?"

"నాను రైలెక్కితే ఆయన దిగిపోతాడేటి? మరి నువ్వేటి, తినవా?"

"ఒక్కదాన్నే తినలేను మామ్మా."

"ఒక్కదానివేటి! ఆయన పక్కనే కూకున్నాడు, ఆకలితోటి. ఆయనకెట్టు ముందు."

రైలు సొరంగంలోకి వెళ్లింది. ఆ చీకట్లో మూత తీసి, నాలుగు మెతుకులు బల్ల మీద నా పక్కన పెట్టాను. ఎవరో దగ్గరగా జరిగి కూర్చున్నట్టు అనిపించింది. భయం వేయలేదు.

మళ్లీ వెలుతురు వచ్చేసరికి నేను తింటున్నాను.