వ్యానమ్మకు రివర్సు వచ్చిన వైనం

లాండ్రీ వ్యాను నడిపే ఆవిడని అందరూ వ్యానమ్మ అనేవారు. అసలు పేరు ఆవిడ అత్తగారికి కూడా చప్పున గుర్తొచ్చేది కాదు. హోటళ్ళ నుంచి మాసిన దుప్పట్లూ తువ్వాళ్ళూ మూటలుగా తేవడం, ఉతికి ఇస్త్రీ చేసినవి తిరిగి చేర్చడం ఆవిడ పని. వానైనా ఎండైనా వేళ తప్పేది కాదు. ఇరుకు వీధిలో లారీ ఎదురైనా అద్దానికి గీత పడకుండా సందు చూసుకుని దూరిపోయేది. ఆవిడ నడిపే తీరుకు వంక పెట్టేవాడు లేడు.

చిక్కల్లా ఒక్కటే. వ్యానమ్మ వ్యాను ముందుకే పోయేది.

రివర్సు గేరు పేరెత్తితే చాలు, ఆవిడకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. అందుకని వెనక్కి పోవలసిన అవసరమే రాకుండా దారులన్నీ వెతికి పెట్టుకుంది. వెనుదిరగాల్సిన చోట ఊరు చుట్టి వచ్చేది. మూసుకుపోయిన సందు చివర ఒక హోటలుంటే, వ్యాను సందు మొదట్లోనే ఆపి, మూటలు నెత్తిన పెట్టుకుని నడిచివెళ్ళేది. ఎవరైనా అడిగితే "ఒంటికి మంచిది" అనేది. ఒకసారి ఇల్లు మారుతున్నవాళ్ళ లారీ దారికి అడ్డంగా నిలిచింది. వ్యానమ్మ దిగి, వాళ్ళ మంచాలూ బీరువాలూ దింపడంలో తనూ ఒక చెయ్యి వేసింది గానీ, బండిని మాత్రం వెనక్కి తియ్యలేదు. ఆ ఇంటావిడ ఈవిడ మంచితనానికి పొంగిపోయి కాఫీ కూడా ఇచ్చింది.

ఇలా ఏళ్ళు గడిచిపోయేవే. ఇంతలో లాండ్రీ ఓనరు ఒక పెద్ద ఆస్పత్రి పని పట్టుకొచ్చాడు. ఆస్పత్రి వెనకాల ఎత్తైన అరుగొకటి ఉంది. వ్యాను వెనక్కి వచ్చి ఆ అరుగుకు ఆనుకోవాలి, తలుపులు తెరిస్తే దుప్పట్ల బండ్లు నేరుగా లోపలికి దొర్లుకొస్తాయి.

"పెద్ద వ్యాను కొంటున్నా. అది నీకే" అన్నాడు ఓనరు.

"నాకు నడుం నొప్పి సార్."

"పొద్దున్న మూటలెత్తావుగా?"

"అవి దింపాకే వచ్చింది సార్."

ఓనరు ఆవిడ వంక అదోలా చూసి, "వారం టైమిస్తున్నా, ఆలోచించుకో" అని వెళ్ళిపోయాడు.

వ్యానమ్మ ఇంట్లోనే ఉండే మరిది సరిగ్గా అప్పుడే లైఫ్ కోచ్ అయ్యాడు. అంతకుముందు బీమా పాలసీలు అమ్మాడు, నీళ్ళ ఫిల్టర్లు అమ్మాడు. రెండూ చుట్టాలు కొన్నంతకాలమే నడిచాయి. ఇప్పుడు కంప్యూటర్లో ఏదో కోర్సు పూర్తిచేసి, సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి, మొదటి మనిషి కోసం ఎదురుచూస్తున్నాడు. తల్లినడిగితే, "నా జీవితం అయిపోవచ్చిందిరా, ఇప్పుడు కోచింగేమిటి?" అంది. వదిన మొహం వాడిపోయి కనిపించేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది.

భోజనాల బల్ల దగ్గర రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, టై కట్టుకుని కూర్చున్నాడు.

"వదినా, నీ లక్ష్యమేంటి?"

"ఆ ఆస్పత్రి పని ఇంకెవరికైనా పోవడం."

"అది కాదు. నీలోపల ఒక శక్తి నిద్రపోతోంది."

"పడుకోనియ్యవయ్యా. పొద్దుట్నుంచి మూటలు మోసింది."

"వదినా, సీరియస్‌గా చెప్పు."

"ఇదంతా ఎందుకు? రివర్సంటే నాకు భయం. ఏం చెయ్యాలో చెప్పు."

"చెప్పకూడదు. కోచ్ అన్నవాడు ప్రశ్నలే అడగాలి. జవాబు నీలోనే ఉంటుంది."

"నాలో ఉంటే ఊరంతా ఎందుకు చుట్టి వస్తున్నాను?"

మరిది గబగబా కోర్సులో తర్వాతి పాఠానికి దూకాడు. కళ్ళు మూసుకుని, ఐదేళ్ళ తర్వాత తనెలా ఉంటుందో చూడమన్నాడు. వ్యానమ్మ కళ్ళు మూసుకుంది. మొహంలో బిగువు సడలింది, పెదాలు విచ్చుకున్నాయి. మరిది ఉబ్బితబ్బిబ్బవుతుండగా సన్నగా గురక మొదలైంది.

"లేపకురా, పాపం" అంది అత్తగారు వంటింట్లోంచి. "ఈ కోచింగేదో బాగానే పనిచేస్తున్నట్టుంది."

మర్నాటి నుంచి రోజూ అద్దం ముందు నిలబడి "నేను సింహాన్ని" అనుకోవాలన్నాడు. తీరా చూస్తే అద్దం ముందు భర్త గడ్డం గీసుకుంటున్నాడు.

"నేను సింహాన్ని" అంది వ్యానమ్మ బెరుకుగా.

"తెలిసిందేగా. ఆ తువ్వాలు ఇలా అందుకో" అన్నాడాయన.

అలా వారం కరిగిపోయింది. ఆదివారం మధ్యాహ్నం మరిది వదినను లాండ్రీ వెనకున్న ఖాళీ స్థలానికి తీసుకెళ్ళాడు. పాత వ్యానులో పక్కసీట్లో కూర్చున్నాడు. అతనికి సైకిల్ తప్ప ఏదీ రాదు. అడగాల్సిన ప్రశ్నలన్నీ అయిపోయాయి. ఏదో ఒకటి అడక్కపోతే బావుండదని అడిగాడు.

"రివర్సు వెయ్యగానే నీకేం వినిపిస్తుంది?"

ఏం కనిపిస్తుంది అని అడగబోయి తడబడ్డాడు, అంతే. వ్యానమ్మ మాత్రం ఠక్కున, "మీ అన్నయ్య" అంది.

"అన్నయ్యా?"

"నేర్చుకునే రోజుల్లో వెనకాల నిలబడి రా, రా, రా అనేవారు. వెళ్తుంటే ఒక్కసారిగా, చంపేశావే అని కేకేశారు. దిగి చూస్తే బక్కెట్టు."

"తర్వాత?"

"తర్వాత ఓనరు ఎడమకి అంటాడు, టీకొట్టాయన కుడికి అంటాడు. దారినపోయేవాడు కూడా ఆగి చేతులూపుతాడు. ఎవరి మాట వినాలో తెలీక బండి ఆపేస్తాను."

"ఎవరూ అరవకుండా ఎప్పుడైనా వెనక్కి పోయావా వదినా?"

వ్యానమ్మ వేళ్ళ మీద ఒక్కో ఏడూ లెక్కపెట్టి చూసుకుంది. లేదు. ఒక్కసారి కూడా లేదు.

"అయితే ఇవాళ నేను నోరు మూసుకుంటా" అన్నాడు మరిది.

"నువ్వా?" అంది వ్యానమ్మ. ఆ పూట ఆవిడకు నమ్మశక్యం కానిదల్లా ఇదొక్కటే.

మరిది రెండు చేతులతో నోరు నొక్కుకున్నాడు. వ్యాను వెనక్కి పాకింది. వంకరగా పోయి, ఖాళీ సబ్బునీళ్ళ డ్రమ్ముల వరసకు తగిలింది. ఒక డ్రమ్ము దడదడా దొర్లింది. మరిది కళ్ళు బయటికొచ్చాయి గానీ చేతులు మాత్రం తియ్యలేదు. వ్యానమ్మ కాసేపు ఆ నిశ్శబ్దాన్ని వింది. దిగి డ్రమ్ము నిలబెట్టి వచ్చి, మళ్ళీ గేరు వేసింది. పొద్దు వాలేసరికి రెండు బట్టలారేసే తీగల మధ్య నుంచి దుప్పటి కదలకుండా వెనక్కి రాగలిగింది.

ఓనరుకు సరేనని చెప్పి ఆస్పత్రికి వెళ్ళిన మొదటి రోజు కొత్త వ్యాను చూడడానికి అందరూ బయటికొచ్చారు. వాచ్‌మనూ, వంటాయనా, ఆయా, చేతికి కట్టుతో ఒక రోగీ.

"రానివ్వమ్మా, రానివ్వు... ఆగాగు!" అన్నాడు వాచ్‌మను.

"కుడికి! నీ కుడి కాదు, నా కుడి!" అన్నాడు వంటాయన.

వ్యానమ్మ కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ఇంజను ఆపి కిందికి దిగింది. దారి చెప్పేవాళ్ళకి ఏనాడూ ఎదురు చెప్పని మనిషి, గొంతు సవరించుకుంది.

"మీరంతా మంచివాళ్ళే. కాస్త ఆ గోడ పక్కకెళ్ళి, అటు తిరిగి నిలబడండి."

"నేను చూడకపోతే గుద్దేస్తావమ్మా!" అన్నాడు వాచ్‌మను.

"గుద్దితే నేనే చెప్తాను."

నలుగురూ బడిలో తప్పు చేసిన పిల్లల్లా గోడవైపు తిరిగారు. వ్యానమ్మ రెండు అద్దాలూ చూసుకుంది. మొదటిసారి వంకరగా వచ్చింది. ముందుకెళ్ళి మళ్ళీ వచ్చింది. అరుగు అంచున ఉన్న రబ్బరుకు బండి మెత్తగా ఆనింది.

"తిరగొచ్చామ్మా?" అన్నాడు వాచ్‌మను గోడతో.

"తిరగండి" అంది. ఆ మాట ఎంత దర్జాగా వచ్చిందో ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

తన బోర్డు మీద వేసుకోవడానికి నాలుగు మాటలు చెప్పమని మరిది వెంటపడ్డాడు. "మా మరిది నోరు మూసుకున్నాక బాగుపడ్డాను" అంది వ్యానమ్మ. అతను మొహం మాడ్చుకున్నాడు గానీ, రెండు రోజులు ఆలోచించి "మౌనంగా వినబడును" అని రాయించాడు. చిత్రంగా మనుషులు రావడం మొదలెట్టారు. ఇళ్ళల్లో వినేవాళ్ళు దొరకనివాళ్ళు ఇంతమంది ఉన్నారని ఎవరికి తెలుసు?

ఓ సెలవురోజున వ్యానమ్మ ఓనర్నడిగి పెద్ద వ్యాను తీసుకుని, ఇంటిల్లిపాదినీ సముద్రానికి తీసుకెళ్ళింది. దారికీ ఇసుకకీ మధ్య ఒక సిమెంటు వాలు ఉంటే, దానిమీద వెనక్కి దింపడం మొదలెట్టింది. అలవాటు కొద్దీ భర్త కిటికీలోంచి తల బయటపెట్టి నోరు తెరవబోయాడు.

"నోరు ముయ్యరా. అది చూసుకుంటుంది" అంది అత్తగారు.

వ్యాను ఆగింది. వెనక తలుపులు తెరిస్తే ఎదురుగా సముద్రం, మొహాన గాలి. స్టీరింగు దగ్గరే ఉన్న వ్యానమ్మ తప్ప అందరూ అంచున వరసగా కూర్చున్నారు. అత్తగారు చెప్పులు విప్పి, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుని, కాళ్ళు వేలాడేసింది. కాసేపు అలల్నే చూస్తూ కూర్చుని, తల వెనక్కి తిప్పి కోడల్ని కేకేసింది.

"ఇంకొంచెం వెనక్కి పోనివ్వవే, నీళ్ళు తగలట్లేదు!"