చెన్నయ్య అయ్యవారు అడిగిన "ఎంత తక్కువ?"

మార్కాపురంలో పలకల షెడ్డు పక్కగా నడిచి వెళుతుంటే రాతిలోకి ఉలి దిగే చప్పుడు వినబడుతుంది. రాయి రెండుగా విడిపోగానే సన్నని దుమ్ము లేచి ముక్కుకు తగులుతుంది. మా ఊళ్లో ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టిన దుమ్ము అది. నాకు మాత్రం ఒళ్లు మండిపోతుంది. ఇంత వయసు వచ్చినా ఆ మంట తగ్గలేదు. తగ్గాలని నేను కోరుకోవడమూ లేదు.

చెన్నయ్య అయ్యవారు మా హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. అవి మద్రాసు ప్రెసిడెన్సీ రోజులు, మా తాలూకా అప్పటికి కర్నూలు జిల్లాలో ఉండేది. ఆయనది కొనకనమిట్ల దగ్గర గొర్రెలు కాసుకునే కుటుంబం. ఎలా వెళ్లారో ఏమో, మద్రాసు వెళ్లి గణితంలో బి.ఏ. చదివి వచ్చారు. నేను అదే బడిలో టెంపరరీ అసిస్టెంటుని. ప్రైవేటుగా బి.ఏ. కట్టాలని సాయంత్రాలు ఆయన వసారాలో కూర్చుని పాఠం చెప్పించుకునేవాణ్ణి. ఆయనకు ముక్కు మీద కోపం. తప్పు చేస్తే ఓర్చుకునేవారు గానీ, "దాదాపు" అన్నానంటే పుస్తకం విసిరికొట్టేవారు.

లెక్కల్లో లిమిట్, అదే అవధి, అనే మాట నా బుర్రకు ఎక్కలేదు. ఒక ఆదివారం ఆయన విసిగిపోయి నన్ను మా నాయన పని చేసే షెడ్డుకే లాక్కుపోయారు. పలక పనిలో ఒక పద్ధతి ఉంది. రాయి ఎంత మందమున్నా సరిగ్గా నడిమికే చీలుస్తారు, ఆ సగాన్ని మళ్లీ నడిమికి చీలుస్తారు. ఓ పక్కనుంచి పల్చగా ఒలవబోతే రాయి పెళ్లలు పెళ్లలుగా ఊడిపోతుంది.

"పెద్దాయనా, అంగుళం మందం రాయిని చీల్చి ఒక సగం ఇక్కడ పెట్టు. మిగిలిన సగంలో సగం దాని మీద పెట్టు. మిగిలినదాంట్లో మళ్లీ సగం. అట్లనే పెట్టుకుంటా పోతే ఆ దొంతర యాడికి పోతాది?" అని అడిగారు అయ్యవారు.

"అంగుళం కాడికే పోతాది సామీ. గానీ అందుకోదు. ఆఖరికి రాయి ఇరిగిపోతాది" అన్నాడు నాయన.

నేను కూడా తల ఊపాను. అంగుళానికి ఎప్పుడూ కొంచెం తక్కువే ఉంటుందన్నాను. అంతే, అయ్యవారు నా మీద పడ్డారు.

"మీ నాయన చేతిలో రాయి ఉంది, ఇరుగుతాదంటే నమ్ముతా. నీ చేతిలో ఉండేది లెక్క. అది యాడ ఇరిగింది? కొంచెం తక్కువంటే ఎంత? వెంట్రుక మందమా? పదోసారికే అంతకన్నా దగ్గరికొస్తా. ఇంకా తక్కువా? చెప్పు, ఎన్నోసారికో నేను చెప్తా. పేర్చేవాడు యాడ ఆపినాడని కాదురా నేనడిగేది. ఏ మందం కాడికి పోతా ఉందో, అది అడుగుతాండా. అది అంగుళమే. అంగుళానికి కొంచెం తక్కువ కాదు. తేడా ఉందనేవాడు ఎంతో చెప్పాల!"

నాయన ఉలి పక్కన పెట్టి నవ్వాడు. నాకు ఆ రోజు అర్థమైంది. ఎంత స్పష్టంగా అర్థమైందంటే, తరువాత నేను చేసిన పనికి తెలియక చేశానని చెప్పుకునే దారి లేకుండా పోయింది.

ఆ ఏడాదే ఇన్‌స్పెక్షను వచ్చింది. ఇన్‌స్పెక్టరు చరిత్ర చదివిన మనిషి. నా ఉద్యోగం పర్మనెంటు కావాలంటే ఆయన రిపోర్టు రాయాలి. అయ్యవారు ఫిఫ్త్ ఫారం, అంటే ఇప్పటి పదో తరగతి క్లాసులో, మూడో వంతును దశాంశంగా రాసి మూడుతో గుణించి, సున్నా పాయింటు తర్వాత వచ్చే అంతులేని తొమ్మిదులు ఒకటికి సమానమని బోర్డు మీద చూపించారు. వెనక బెంచీ దగ్గర నేను నిలబడి ఉన్నాను.

"ఎన్ని తొమ్మిదులు వేసినా ఒకటి కంటే కొంచెం తక్కువే కదయ్యా. పిల్లలకు తప్పులు నేర్పుతున్నావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఎంత తక్కువండీ?" అని అడిగారు అయ్యవారు.

పిల్లలు కిసుక్కుమన్నారు. ఇన్‌స్పెక్టరు మొహం మాడిపోయింది. అంతమందిలో అలా అడగకపోతే ఏం పోయింది అని అయ్యవారి మీద కూడా నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కానీ ఏ లెక్కల మాస్టరైనా అడగవలసిన ప్రశ్న అదే. ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. "నువ్వూ లెక్కల వాడివేగా. చెప్పు."

"కొంచెం తక్కువేనండీ" అన్నాను.

అయ్యవారు నన్ను చూడలేదు. సుద్దముక్కను బల్ల మీద పెట్టి చేతులు దులుపుకున్నారు. పై తరగతులకు పనికిరాడని ఆయన గురించి రిపోర్టు వచ్చింది. ఆయనకు కింది తరగతుల ఎక్కాలు ఇచ్చారు. నాకు ఉద్యోగం పర్మనెంటు చేసి, ఆయన ఫిఫ్త్ ఫారం నాకే అప్పగించారు. చరిత్ర చదివిన ఒక మనిషి అహంకారానికి ఆ ప్రాంతంలో లిమిట్ అంటే తెలిసిన ఒక్క మనిషి బలైపోయాడు. కత్తి అందించింది నేను.

మూడు రోజులు మొహం చాటేసి, చివరికి వసారా ముందు నిలబడ్డాను. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నమ్మి చెప్పినావా, ఉద్యోగం కోసం చెప్పినావా?" అని అడిగారు.

"ఉద్యోగం కోసమే అయ్యోరా."

"నమ్మి చెప్పింటే మళ్లీ మొదట్నుంచి నేర్పిచ్చేవాణ్ణి. నీకు తెలుసు. ఇంక నా దగ్గర ఏముంది నీకు చెప్పేదానికి? పో."

కొన్నాళ్లకు ఆయన రాజీనామా చేసి సొంతూరికి వెళ్లిపోయారు. నేను రిటైరయ్యేదాకా అదే క్లాసులో లిమిట్లు చెప్పాను. బాగా చెబుతానని పేరు తెచ్చుకున్నాను. రాయిని సగానికి సగం చీల్చడం, వెంట్రుక మందం, "తేడా ఉందనేవాడు ఎంతో చెప్పాల" అనే మాట, అన్నీ ఆయనవే. అవి ఎవరివో ఒక్క ఏడాది కూడా పిల్లలకు చెప్పలేదు. చెబితే, ఆ అయ్యవారు ఏమయ్యారని అడుగుతారు.