బడి గుమ్మానికి అడ్డుకర్ర

నా చిన్నప్పుడు మా బడిలో అందరికంటే ముందు వచ్చి కూర్చునేది మంచు. చింతపల్లి దాటి ఎగువన, కొండకొమ్ము మీద రేకుల షెడ్డు మా బడి. మంచు పొద్దున్నే కిటికీలోంచి దిగి మొదటి వరసలో చతికిలబడేది. హాజరు పిలిస్తే అదైనా పలుకుతుందేమో గానీ మేం పలికేవాళ్లం కాదు. ఇంట్లో మా భాష ఆదివాసీ ఒరియా. బడిలో ఆ మాట వినపడితే పాత మేష్టారి బెత్తం మా వేళ్ల మీద విరిగేది. తెలుగేమో రాదు. అందుకని ఒకటో తరగతి మొత్తం నోరు కుట్టేసుకుంది.

తర్వాత సాలూరు నుంచి ఓ పంతులమ్మ వచ్చింది. చిన్న వయసు, పెద్ద గొంతు. ఆమె దగ్గర బెత్తం లేదు, మా దగ్గర మాట లేదు. వేసవి సెలవులకు ముందే ఇన్‌స్పెక్టరు వస్తాడనీ, అప్పటికి మేం తెలుగులో నోరు విప్పకపోతే ఆమెను కొండ దింపేసి పాత మేష్టారినే మళ్లీ పంపుతారనీ ఊరంతటికీ తెలుసు. మా వేళ్లకు ఇంకా బాగా తెలుసు.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. ఆ పండక్కి మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చినవాళ్లు ఎవరైనా సరే ఏదో ఒకటి ఇచ్చేదాకా వదలరు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన వేటగాడికైతే తిట్లూ, పేడనీళ్లూ. ఆ ఏడు మా అమ్మావాళ్లు పంతులమ్మ ఎక్కిన జీపును ఆపి, ఆమె చేత కూడా ఆటలో అడుగు కలిపించారు. ఆడుతూ ఆడుతూనే ఆమె ఏదో పథకం వేసిందని నా అనుమానం.

పండగ అయ్యాక ఓ పొద్దున బడికి పోతే గుమ్మానికి అడ్డంగా వెదురు కర్ర కనిపించింది. ఆడపిల్లల్ని లోపల నిలబెట్టి, పంతులమ్మ కుచ్చిళ్లు ఎగదోపి, కొలబద్దను విల్లులా భుజానేసుకుని బయట తల వంచుకుని నిలబడింది.

"వేటకెల్లి ఉత్త సేతుల్తో వచ్చీసినాను. తిట్టండర్రా!"

పంతులమ్మను తిట్టడం! ఆనందం పట్టలేక మా భాషలో అందుకున్నాం. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఈ వేటగాడు పల్లం నుంచి వచ్చాడట, కొండ తిట్లు సగమే తెలుస్తాయట. మీ తిట్టు ఒకటి నాకు నేర్పితే మా తిట్టు ఒకటి మీకిస్తానంది. బేరం కుదిరింది. ఆ రోజు నుంచి ఆడపిల్లలం కర్ర పట్టుకునేవాళ్లం, మగపిల్లలు కుందేళ్లూ ఎలుగుబంట్లూ అయ్యేవారు. ఒకసారి నిజం ఎలుగుబంటే వచ్చి, ఎలుగుబంటి వేషం కట్టిన మావాడి నడక చూసి తనకు నడవడం రాదని సిగ్గుపడి వెళ్లిపోయింది. నమ్మకపోతే మీ ఇష్టం.

ఇన్‌స్పెక్టరు జీపు దిగేసరికి మేం ఆటలో ఉన్నాం. గుమ్మం దగ్గర కర్ర చూసి ఆయన ఆగిపోయాడు.

"ఏమిటమ్మా ఇది? బడా, నాటకాల కంపెనీయా? ముందు తీయించండి."

పంతులమ్మ మొహం పాలిపోయింది. కర్ర మీద చెయ్యి వేసింది కూడా. రెండో కొస నా చేతిలో ఉంది. కర్ర తీస్తే ఆమె పోతుంది, బెత్తం వస్తుంది. నాకు అర్థమైంది అంతే. నేను వదల్లేదు.

"ఏటి తెచ్చినావు?" అన్నాను ఆయనతో.

"ఏమిటీ?"

"వేటకెల్లి ఏటి తెచ్చినావు? ఉత్త సేతులేనా? సిగ్గు నేదా?"

వెనక నుంచి తరగతంతా లేచింది.

"అంత జీపేసుకుని ఎల్లినావు, ఒక్క కుందేలు దొరకనేదా?"

"ఆ బూట్ల సప్పుడికి కుందేలు ఉంటాదేటి?"

"పేడనీల్లు తెండర్రా, బేగి!"

ఒకడు నిజంగానే తేవడానికి పరిగెత్తాడు.

"ఇవన్నీ బట్టీ పట్టించారా? అర్థం తెలిసే అంటున్నారా వీళ్లు?" అన్నాడాయన.

"అర్తం తెలకుండా ఎలాగ తిడతాం?" అన్నాను.

పంతులమ్మ కర్ర మీద నుంచి చెయ్యి తీసేసింది. "కర్ర పెట్టింది నేనే సార్. ఎత్తాల్సింది మాత్రం వాళ్లు. పిల్లలు తెలుగు మాట్లాడాలన్నారు, మాట్లాడుతున్నారు. లోపలికి రావాలంటే మీరూ ఏదో ఒక జంతువును పట్టుకురావాలి, దాని అరుపైనా సరే."

అప్పటికే పేడనీళ్ల బిందె ఆయన వెనక్కి చేరింది. ఆయన బిందె వైపు చూశాడు. మా వైపు చూశాడు. అప్పుడు పులిలా గాండ్రించాడు. గాండ్రింపు కాదు, ఉత్త దగ్గేనని ఆ రోజు నా పక్కన నిలబడ్డ నేస్తం ఇప్పటికీ వాదిస్తుంది. నేను పులినే లెక్కలోకి తీసుకుని కర్ర ఎత్తాను.

ఆటలు కట్టిపెట్టి పుస్తకం పట్టించమని ఆయన గట్టిగానే చెప్పి పోయాడు. అయితే పంతులమ్మను కదిలించలేదు, పాత మేష్టారు రాలేదు. జీపు మలుపు తిరగ్గానే పంతులమ్మ బుద్ధిగా పుస్తకం తెరిచింది. అందులో నక్క వేషం ఎవరికి కావాలని అడిగింది.

ఇప్పుడు నా జుట్టు సగం నెరిసింది. ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో బల్ల అవతల కూర్చున్నవాళ్లు సరిగ్గా మాట్లాడమని ఇప్పటికీ నన్ను కసురుతుంటారు. ముందు మా భాషలో చెబుతాను, తర్వాత తెలుగులో చెబుతాను. రెండూ ఒకే గొంతుతో. పులి వేషం ఇవ్వండి, నక్క వేషం ఇవ్వండి, ఈ వయసులోనూ గెంతుతాను. నోరు మూసుకుని నిలబడే వేషం మాత్రం, ఎంతటివాళ్లు అప్పగించినా, నేను కట్టను.