సగంలో తీసుకుపోయిన పళ్ళెం

ఒక్కసారి అడిగి ఊరుకునే మనుషులు ఈ భూమ్మీద ఉంటారని నాకు సింగపూర్ వచ్చేదాకా తెలియదు. తెలిసిన రోజున నోటి దగ్గర కూడు పోయింది.

కంప్యూటర్ వచ్చిన ప్రతివాడికీ పిలిచి ఉద్యోగాలిస్తున్న రోజులవి. మా ఆయన స్నేహితుడికి ఏడాదిలో రెండో కొత్త ఉద్యోగం వచ్చింది. పార్టీ ఏదంటే, లిటిల్ ఇండియాలో దోశలు ఎప్పుడూ ఉండేవే, ఈసారి నది ఒడ్డున ఉన్న పెద్ద ఇటాలియన్ హోటల్ అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం పాసిర్ రిస్ నుంచి మేమిద్దరం, సెంగ్‌కాంగ్ నుంచి వాళ్ళిద్దరూ వచ్చాం. ఆ స్నేహితుడి భార్య నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. పెళ్ళయి ఆరేళ్ళయినా వాళ్ళకి పిల్లల్లేరు. దాని మీద ఆవిడ్ని ఆటపట్టించేదాన్ని కూడా. నోటిదురుసు నాకు పుట్టుకతోనే వచ్చింది.

వాళ్ళకి తెలియనిది ఒకటుంది. నాకప్పుడు మూడో నెల. అంతకుముందోసారి నెల తప్పగానే కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. రెండు నెలలు తిరక్కుండా పోయింది. "దిష్టి తగిలిందే అమ్మాయ్, ఈసారి మూడు నెలలు నిండేదాకా నోరు విప్పకు" అని అత్తగారు ఫోన్లోనే ఒట్టు వేయించుకున్నారు. నేనూ నమ్మాను. నా నోరే నా బిడ్డని పొట్టనబెట్టుకుందని నమ్మాను.

దానికితోడు వేవిళ్ళు. అన్నం ఉడికే వాసనకే కడుపులో తిప్పేది. పది రోజులుగా నిమ్మరసం తప్ప ఏదీ నిలవలేదు. ఇలాగే చిక్కిపోతే బిడ్డకి ప్రమాదం, మంగళవారానికల్లా తిండి నిలవకపోతే ఆసుపత్రిలో చేరాల్సిందే అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. విందుకి రానంటే వాళ్ళకి అనుమానం వస్తుందని, ప్రాణం ఉగ్గబట్టుకుని వెళ్ళి కూర్చున్నాను.

మల్లెపువ్వులాంటి తెల్లగుడ్డ పరిచిన బల్ల, మనిషికి మూడు ఫోర్కులు. వాటిలో దేంతో తినాలో నాకు తెలియదు. అక్కే మెనూ చదివి, "టమాటా, వెల్లుల్లి, ఎండుమిరపకాయ వేసిన స్పగెట్టీ ఉంది, మన సేమ్యాలాంటిదే. నీకది చెప్తున్నా" అంది. వెల్లుల్లి అనగానే గుండె జారింది.

తీరా నోట్లో పెట్టుకుంటే ఏమీ కాలేదు! టమాటా పులుపు, నూనెలో వేగిన మిరపకాయ కారం. కడుపు కిక్కురుమనలేదు. రెండో ముద్ద, మూడో ముద్ద. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సగం తిన్నాక, కాస్త సర్దుకోనిద్దాం, నిలిస్తే మిగతాది తిందాం అని ఫోర్కు కింద పెట్టాను.

అంతలో వెయిటర్ వచ్చి, "అయిందా మేడమ్, తీసెయ్యమంటారా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

మా కృష్ణాజిల్లాలో మొదటిసారి అడిగితే చాలనడమే మర్యాద. "అదేం తిండమ్మా, పిచ్చుక తిండి!" అని వాళ్ళు కసరాలి. మనం వద్దు వద్దంటూ చెయ్యి అడ్డం పెట్టాలి. మూడోసారికి చెయ్యి తీసెయ్యాలి. అలా పెరిగిన నోరు కదా, దానంతటదే "యస్, ఎనఫ్" అనేసింది.

అతను చిరునవ్వుతో థాంక్యూ చెప్పి పళ్ళెం తీసుకుని చక్కా పోయాడు.

నేను బిత్తరపోయాను. రెండోసారి అడగడేం? ఓరి నీ మర్యాద మండ! పది రోజుల తరవాత కడుపు ఒప్పుకున్న తిండి, చూస్తుండగానే వంటింటి తలుపు వెనక మాయమైంది.

మా ఆయన నా ముందు ఖాళీ అయిన చోటు చూసి గొంతు తగ్గించి, "పోనీలే, ఇప్పుడు వెనక్కి అడిగితే బాగోదు. ఇంటికెళ్ళాక ఏదో ఒకటి చేసిపెడతాలే" అన్నాడు.

ఆ "బాగోదు" అన్న మాటకి ఒళ్ళు మండిపోయింది.

"ఏంటండీ బాగోనిది? నాకు మూడో నెల! పది రోజుల తరవాత ఇవాళే నాలుగు ముద్దలు నిలిచాయి. నా పళ్ళెం నాకు కావాలి!"

పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. మా ఆయన మొహం పాలిపోయింది. అన్నది నేనేనని తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఒట్టు తప్పాను. మళ్ళీ ఈ నోరే.

"అక్కా, మీరు విననట్టే ఉండండి. దణ్ణం పెడతా. చెప్తే నిలవదంట" అని వెక్కివెక్కి ఏడ్చాను.

అక్క తన పళ్ళెం నా ముందుకి జరిపింది. అందులోదీ అదే స్పగెట్టీ. సగం పైనే ఉంది.

"నేనెవరికీ చెప్పలేదే" అంది, చాలా మెల్లగా. "పోయిన దీపావళికి ముందు. అయినా పోయింది. ఏడుద్దామంటే ఎవరికీ తెలియదు కదా, ఎవరి దగ్గర ఏడవను? పిచ్చిదానా, చెప్తే పోవడమేంటి? ముందు తిను."

వాళ్ళాయన తల వంచుకుని బల్లగుడ్డ కేసి చూస్తున్నాడు.

దీపావళి. ఆ రోజు వాళ్ళు మా ఫ్లాట్‌కి వచ్చారు. అక్క జ్వరమని ఒక మూల కూర్చుంది. అరిసెల పళ్ళెం చేతికిస్తూ, "ఏంటక్కా, ఇంకా ఎన్నాళ్ళు కాయకుండా ఉంటుంది మీ చెట్టు?" అని నేనే అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆవిడే చెయ్యి విడిపించుకుని ఫోర్కు అందించింది. కళ్ళనీళ్ళతోనే తిన్నాను. నిలిచింది.

కాసేపటికి అదే వెయిటర్ వచ్చి పళ్ళెం మీదకి వంగాడు. నేను నోరు తెరిచేలోపే అక్క పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు బాబూ" అంది, అచ్చ తెలుగులోనే. "అది ఇంకా తింటోంది."