గోడకవతలి సాంచా

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను ఏరియా సర్వీస్ ఇన్‌చార్జిగా సూరత్‌కు వేశారు. ఉద్యోగ విరమణ దగ్గరపడింది. ఆ వయసులో కొత్త ఊరు, అద్దె గది, మోకాళ్ల నొప్పి, వీటితో పాటు దక్షిణ గుజరాత్ మొత్తం తిరగవలసిన పని. మా కంపెనీ ఇళ్లలో హోమ్ థియేటర్లు అమర్చేది. బిగించడం టెక్నీషియన్ల పని, సరిచేయడం సర్వీస్ ఇంజనీర్లది. ఇద్దరూ వెళ్లివచ్చాక కూడా తీరని ఫిర్యాదు ఇన్‌చార్జి దగ్గరకు వస్తుంది. అందువల్ల నా దగ్గరకు వచ్చేసరికే కస్టమర్ కోపంగా ఉండేవాడు, నేను అలసిపోయి ఉండేవాణ్ని.

శ్రీకాంత్ ఫిర్యాదు అలా వచ్చిందే. అతను హజీరాలో ఒక కర్మాగారంలో ఇంజనీరు. తండ్రి ఎల్లయ్య సిరిసిల్ల వైపు పల్లె నుంచి వచ్చి, సూరత్‌లోని నవాగామ్‌లో ఒంటి గదిలో ఉంటూ, బతుకంతా మరమగ్గాల మీద పనిచేసి కొడుకును చదివించాడు. ఇప్పుడు కొడుకు అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొని తండ్రిని తెచ్చుకున్నాడు. ఫిర్యాదు ఒకటే: సబ్‌వూఫర్‌లో బేస్ రావడం లేదు.

సబ్‌వూఫర్ అంటే మద్దెల, ఉరుము, పేలుడు వంటి మంద్ర స్వరాలను, అంటే బేస్‌ను మాత్రమే పలికించే పెట్టె. దాని పని సగం పెట్టె చేతిలో, సగం గది చేతిలో ఉంటుంది. ఈ స్వరాల అలలు చాలా పొడవైనవి. గోడకు తగిలి వెనక్కి వచ్చి, కొన్నిచోట్ల ఒకదానికొకటి తోడై రెట్టింపవుతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మూలల్లో పోగుపడతాయి, గది నడిమధ్యలో పలచబడతాయి. సోఫా ఎక్కడుందో చూడకుండా పెట్టెను తప్పుపట్టి లాభం లేదు.

ఆదివారం మధ్యాహ్నం రింగ్ రోడ్‌లో బట్టల మూటల టెంపోల వెనక చాలాసేపు నిలబడి, పర్వత్ పాటియా దాటి వాళ్లింటికి చేరాను. శ్రీకాంత్ తలుపు తీశాడు. నేను జగిత్యాలవాణ్నని తెలిసి తెలుగులోకి మారాడు కానీ మధ్యమధ్య హిందీ దొర్లుతూనే ఉంది.

"అంకుల్, సౌండ్ ఫుల్ పెట్టినా మజా వస్తలేదు. మీ వాళ్లు రెండుసార్లు వచ్చి ఖాలీ చూసి పోయిన్రు."

కారణం గుమ్మంలోనే కనిపించింది. సోఫా సరిగ్గా హాలు మధ్యలో ఉంది. సబ్‌వూఫర్ మూలలో, పక్క పడకగది గోడను ఆనుకుని ఉంది. మా వాళ్లు సోఫా దగ్గర మాత్రమే మైకు పెట్టి కొలిచారు. అక్కడ బేస్ తక్కువగా కనిపించడంతో పెట్టె బలాన్ని దాదాపు చివరిదాకా పెంచారు. శ్రీకాంత్ రిమోట్‌తో ఇంకొంత పెంచుకున్నాడు. పలచబడే చోట కూర్చున్నవాడికి ఎంత పెంచినా తృప్తి ఉండదు. పెంచినదంతా మూలలకు పోతుంది.

శ్రీకాంత్ భార్య మమత మంచినీళ్లు తెచ్చింది. ఆ పక్కగది తలుపుకు బయటి వైపు కొత్త గడియ ఉండటం నేను చూశాను. నా చూపును ఆమె గమనించింది. "మామయ్యది, అంకుల్" అని ఆగింది. శ్రీకాంత్ అందుకున్నాడు.

"బాపుకు దిమాగ్‌ల గడ్‌బడ్ ఉంది అంకుల్. రాత్రి తిని పండుకున్నంక లేచి వస్తడు, ఇంట్ల సాంచా నడుస్తుందంటడు. ఒకసారి చెప్పులేసుకుని షిఫ్టుకు పోతున్నా అని గేటు దాటిండు. డాక్టర్ గోలీలిచ్చిండు. అయినా రాత్రి గడియ పెట్టక తప్పుతలేదు."

సాంచా అంటే సిరిసిల్లవాళ్ల మాటలో మరమగ్గం. అలాంటి ఇళ్లు చాలా చూశాను. నాకు సంబంధించింది పెట్టె ఒక్కటే అనుకుని మైకు స్టాండు నిలబెట్టాను.

కొలిచే పద్ధతి ఇది. కంప్యూటర్ నుంచి అతి మంద్ర స్వరం మొదలై మెల్లగా పైకి పాకుతుంది. మైకు దాన్ని వింటుంది, తెరమీద గీత పడుతుంది. గీత చదునుగా ఉంటే గది బాగున్నట్టు. సోఫా దగ్గర గీత ఒకచోట గుంటలోకి దిగింది. అనుకున్నదే. మళ్లీ నడిపాను. గాజు అల్మారా గణగణలాడింది. అప్పుడు పక్కగది తలుపు తెరుచుకుంది.

ఎల్లయ్య సన్నగా, కొంచెం వంగి ఉన్నాడు. మాత్రల మత్తుకు కాబోలు, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"గా సాంచా ఎవ్వలు నడిపిస్తున్రు? జర బంద్ చెయ్యున్రి."

శ్రీకాంత్ చెయ్యి అలవాటుగా రిమోట్ మీదికి పోయింది. చప్పుడు ఆగింది. తండ్రిని భుజం పట్టి తిప్పుతూ, "ఏది బాపు, ఎక్కడుంది సాంచా? జర విను, ఏం లేదు" అన్నాడు. ముసలాయన కొడుకు మొహం చూడలేదు, నన్ను చూశాడు.

"గిదే తమ్మీ వీళ్ల పని. నేనొచ్చెదాక నడిపిస్తరు. నేను రాంగనే బంద్ చేస్తరు."

ఆ మాట విని ఇంట్లో వాళ్లు ఎన్నిసార్లు నిట్టూర్చి ఉంటారో. తనమీద అందరూ కుట్ర చేస్తున్నారని నమ్మడం ఆ జబ్బు లక్షణమని డాక్టర్ కూడా చెప్పాడట. కానీ ఎల్లయ్య చెప్పింది ఉన్నదున్నట్టుగా నా కళ్ల ముందే జరిగింది.

ఆయన్ని గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టమని మమతకు చెప్పి, నేనూ వెళ్లాను. ఇనుప మంచం. తలవైపు సబ్‌వూఫర్ ఉన్న గోడకే ఆనింది. శ్రీకాంత్‌ను ముందురోజు రాత్రి చూసిన సినిమానే, చూసినంత చప్పుడుతోనే పెట్టమన్నాను. గదిలో మాటలు వినిపించలేదు, పాట వినిపించలేదు. గోడలోంచి ఒక దడదడ మాత్రం వచ్చింది. మంచం పట్టీ మీద చెయ్యి వేస్తే వేళ్లకు తెలిసింది. దిండు మీద మైకు పెట్టి చూశాను. సోఫా దగ్గరకంటే అక్కడే బేస్ ఎక్కువగా ఉంది.

మగ్గాల మధ్య బతికినవాళ్ల చెవులు ముందు సన్నని స్వరాలను పోగొట్టుకుంటాయి. మనిషి మాట మసకబారుతుంది. మంద్ర స్వరం చివరిదాకా మిగులుతుంది. ఇంట్లో అందరికీ సినిమాగా వినిపించేది ఆయనకు గోడలోంచి మగ్గంగా వచ్చింది.

ఈ మాట చెబితే శ్రీకాంత్ నమ్మలేదు. అందుకని ఎల్లయ్యను కిటికీ వైపు తిరిగి కూర్చుని, సాంచా నడుస్తుందో లేదో చెప్పమన్నాను. నేను వేలెత్తినప్పుడల్లా చప్పుడు ఆపమనీ పెట్టమనీ మమతకు చెప్పాను. ఆమె గుమ్మంలో రిమోట్ పట్టుకుని నిలబడింది.

"నడుస్తుంది" అన్నాడాయన. తర్వాత, "బందైంది." కాసేపాగి, "ఇంక బందే ఉంది." మళ్లీ, "ఇగో, ఇప్పుడు నడుస్తుంది."

ఒక్కసారి కూడా తప్పలేదు. మమత రిమోట్ మంచం మీద పెట్టేసింది.

"ఆయన లేచి వస్తే పాపం అని మేమే పాజ్ చేసేవాళ్లం అంకుల్. ఆపేసి, ఏం లేదు, ఏం లేదు అన్నం" అంది.

శ్రీకాంత్ తండ్రి పక్కన కూర్చుని, చెవి దగ్గర గట్టిగా, "బాపు, అది టీవీ. సాంచా కాదు" అన్నాడు. ఎల్లయ్యకు కోపం వచ్చింది. "ఏదైతేంది? నడిచిందా లేదా?" అని అడిగాడు. నడిచిందని కొడుకు ఒప్పుకున్నాడు.

మిగిలిన పని సాయంత్రం దాకా పట్టింది. సబ్‌వూఫర్‌ను ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి మా వృత్తిలో ఒక మొరటు పద్ధతి ఉంది. పెట్టెను సోఫా మీద పెట్టి, పాట నడిపి, మనం నేలమీద పాకుతూ ఎక్కడ బేస్ సమంగా వినిపిస్తుందో వెతకాలి. దొరికిన చోట పెట్టెను ఉంచాలి. నా మోకాళ్లతో పాలరాతి మీద పాకడం చూసి ఎల్లయ్యే మమతతో ఒక బొంత వేయించాడు. చివరకు బాల్కనీ వైపు గోడకు, మూలకు దూరంగా చోటు దొరికింది. పెట్టె కింద రబ్బరు దిమ్మలు వేశాను. సోఫాను హాలు మధ్య నుంచి వెనక్కి జరిపించాను. బలం బాగా తగ్గించి, సోఫా దగ్గర, దిండు దగ్గర మళ్లీ కొలిచాను. సోఫా దగ్గర గుంట చాలావరకు పూడింది. గోడ అవతల చప్పుడు పూర్తిగా పోలేదు గాని మంచం అదరడం ఆగింది. శ్రీకాంత్ సినిమా పెట్టి చూసి, బేస్ ఇప్పుడు బాగా వస్తోందన్నాడు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాడు.

కొన్ని వారాల తర్వాత, మా నియమం ప్రకారం ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాను. మమత మాట్లాడింది. సినిమా పెట్టినా ఆయన లేవడం లేదట. డాక్టర్ మాత్రలు తగ్గించాడట. కానీ అప్పుడప్పుడు పగలు, టీవీ ఆపి ఉన్నప్పుడు కూడా సాంచా నడుస్తోందంటాడట. చెవి డాక్టర్‌కు చూపిస్తే, ఇన్నేళ్ల మగ్గాల చప్పుడు చెవిలోనే మిగిలిపోయిందన్నాడట. మతిమరుపు కూడా కొంత ఉన్నమాట నిజమేనట. "ఇప్పుడు ఆయన చెప్పంగనే ముందు మేం పోయి చూసొస్తం అంకుల్. ఏం లేకుంటేనే లేదని చెప్తం" అంది.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఎంతోకాలం లేను. ఉన్నన్నాళ్లూ ఏ ఇంటికి వెళ్లినా పెట్టె ముట్టుకోకముందు గోడకవతల ఎవరు పడుకుంటారని అడిగాను. కొత్తగా చేరిన ఇంజనీర్లకూ అదే చెప్పాను. కొనుక్కున్నవాడి సోఫా దగ్గర గీత చదునైతే పని సగమే అయినట్టు. మంద్ర స్వరానికి గోడ పెద్ద అడ్డు కాదు. చప్పుడు వినిపిస్తోందని ఎవరన్నా అంటే, మనిషిని అనుమానించే ముందు అతను వింటున్న చోట మైకు పెట్టాలి. కొలిచినంత మాత్రాన బాధ అంతా తీరదు. తీరేదెంతో, తీరనిదెంతో తెలుస్తుంది.