కాశీలో వదిలిన పండు

మా అక్క మీద నాకున్న ఫిర్యాదులు చాలా పాతవి. నా పెళ్ళిలో పులిహోర తింటూ "ఉప్పు చాల్లేదు, అయినా పర్లేదులే" అని నలుగురిలో అన్న మాట దగ్గర్నుంచి అన్నీ వరుసగా చెప్పగలను. చెప్పినప్పుడల్లా మా ఆయన "ఆ పులిహోర అరిగిపోయి ఎన్నేళ్ళయింది?" అంటారు. తిన్నవాళ్ళకి అరిగిపోయి ఉంటుంది. మాట పడ్డదాన్ని నేను, నాకు అరగలేదు. అయినా అవన్నీ ఒక ఎత్తు, ఈ పండు సంగతి ఒక ఎత్తు.

మేం పుట్టి పెరిగింది రేపల్లెలో. పెరట్లో నేరేడు చెట్టు ఉండేది. తొలి వానలకి పళ్ళు రాలుతుంటే అమ్మ కింద పాత చీర పరిచేది. చీర మీద పడ్డవి అక్కవి, మట్టిలో పడ్డవి నావి. ఆ పంపకం చేసింది అక్కే. కడిగి, అరచేతిలో ఉప్పు వేసుకుని, అద్దుకుని తినేవాళ్ళం. తర్వాత నాలుకలు బయటపెట్టి ఎవరిది ఎక్కువ నల్లబడిందో చూసుకునేవాళ్ళం. పెళ్ళయ్యాక అక్క బాపట్ల వెళ్ళింది, నేను తెనాలి వచ్చాను. అమ్మా నాన్నా పోయాక రేపల్లె ఇల్లు అమ్మేశాం.

కొన్నేళ్ళ క్రితం అక్కా బావగారూ, నేనూ మా ఆయనా కలిసి కాశీ వెళ్ళాం. కాశీ వెళ్ళినవాళ్ళు ఒక కాయ, ఒక పండు గంగలో వదిలి రావాలి. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ వాటిని ముట్టుకోకూడదు. నేను రైలెక్కకముందే తేల్చేసుకున్నాను. కాయల్లో పొట్లకాయ, పళ్ళలో పనసపండు. రెండూ నాకు సయించవు. అందరూ చేసేది అదే.

రైల్లో ఆ మాట చెబితే పక్క బెర్తు మీంచి అక్క నవ్వింది. "ఇష్టం లేనివి వదిలితే అదేం వదలడమే? ఇల్లు ఊడ్చిన చెత్త తీసుకెళ్ళి దేవుడి గుమ్మంలో పోసినట్టుంటుంది."

"అయితే నువ్వేం వదులుతావేంటి?"

"నేరేడు పండు."

నేను బెర్తు మీద లేచి కూర్చున్నాను.

"ఇద్దరం అదే వదిలేద్దామే. కలిసి తిన్నాం, కలిసి మానేద్దాం. జూన్ వచ్చినప్పుడల్లా నీకు నేను గుర్తొస్తాను, నాకు నువ్వు గుర్తొస్తావు."

అక్క దేంట్లోనైనా నన్ను తనతో సమానంగా కలుపుకోవడం నాకు తెలిసి అదే మొదలు. కాదనలేకపోయాను.

ఘాట్ మెట్ల మీద పురోహితుడు ఒక్కొక్కరినీ పిలిచి చేతిలో నీళ్ళు పోసి అడిగాడు. నేను గట్టిగానే చెప్పాను, నేరేడు పండని. నా తర్వాత అక్క. పడవలవాళ్ళ అరుపుల్లో ఆవిడ మాట నాకు వినపడలేదు. ఏం చెబుతుందో నాకు తెలుసు కదా అనుకున్నాను.

ఆ తర్వాత ప్రతి జూన్‌లోనూ తెనాలి మార్కెట్లో నేరేడు పళ్ళ బండి కనబడితే రోడ్డు దాటి అవతలి పక్క నడిచేదాన్ని. ఇంటికొచ్చి అక్కకి ఫోన్ చేసేదాన్ని.

"వచ్చాయే అక్కా."

"ఇక్కడా వచ్చాయే. ఏం చేస్తాం, వదిలేశాంగా," అని నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు వింటే నా బాధ సగం తగ్గేది.

కాశీ నుంచి వచ్చిన ఏడాదే బ్లూబెర్రీల డబ్బాలు మొదలయ్యాయి. బావగారి స్నేహితుడికి విజయవాడలో పళ్ళ దుకాణం ఉంది. అతను విదేశీ పళ్ళు తెప్పించి, కొన్ని డబ్బాలు బావగారి చేతిలో పెట్టేవాడు. బావగారు బాపట్ల వెళ్తూ తెనాలిలో దిగి, అన్నీ మా ఇంట్లో ఇచ్చి, తర్వాతి రైలుకి వెళ్ళిపోయేవారు.

"అన్నీ ఇచ్చేస్తే ఎలాగండి బావగారూ? అక్కకి?"

"మీ అక్కే అన్నీ నీకివ్వమందమ్మా."

చీర మీద పడ్డవన్నీ తనవే అన్న మనిషి. ఎంత మారిపోయిందో అనుకుని ఆ రోజు నేను కళ్ళు తుడుచుకున్నాను.

మొదటి డబ్బా పాడుచేసుకున్నాను. ద్రాక్షపళ్ళలాగా ఉప్పునీళ్ళలో కడిగి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులకే బూజు పట్టింది. చిన్నగా, గుండ్రంగా ఉండే ఆ నల్లటి పండు మీద బూడిదలాంటి తెల్లటి పొర ఉంటుంది. అదే దానికి రక్ష. తినబోయే ముందు తప్ప కడగకూడదు. డబ్బాలో పాత పంచె ముక్క పరిచి, మెత్తబడినవి ఏరేసి పెడితే వారం పైన నిలుస్తాయి. ఇంకా ఎక్కువ రోజులు ఉంచాలంటే పళ్ళెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి ఫ్రీజర్లో పెట్టాలి. గోళీల్లా గట్టిపడ్డాక డబ్బాలోకి తీసుకుంటే ముద్ద కట్టవు, కావలసినన్ని తీసుకోవచ్చు.

పెరుగన్నంలో దానిమ్మ గింజల బదులు వేశాను, బాగుంది. పులిహోరలో వేస్తే మా ఆయన పళ్ళెం చూసి "ఇదేంటి, సిరా ఒలికిందా?" అన్నారు. చివరికి కుదిరింది పచ్చడి. నూనెలో ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ వేయించి, పళ్ళు వేసి మూతపెడితే అవే చిట్లి రసం వదులుతాయి. ఉప్పు, కారం, కాస్త బెల్లం, దించాక నిమ్మరసం. పలచగా ఉండగానే దించాలి, చల్లారితే అదే చిక్కబడుతుంది.

మొదటి సీసా అక్కకే పంపాను. ఫోన్ చేసింది. "అమ్మ చేతి మాగాయ తర్వాత ఇదేనే. వేళ్ళు నాక్కున్నాననుకో."

జీవితంలో నా వంటని అక్క మెచ్చుకోవడం అది మొదటిసారి. మా వీధిలో అందరికీ ఆ మాట చెప్పాను. డబ్బాలు వచ్చినప్పుడల్లా ఒక సీసా బాపట్ల వెళ్ళేది, ఆ వెనకే మెచ్చుకోలు వచ్చేది.

పోయిన జూన్‌లో ఈపురుపాలెం వెళ్ళి చీరలు చూసుకుని, తిరిగొస్తూ చెప్పకుండా బాపట్లలో దిగాను. అక్కని ఆశ్చర్యపరుద్దామని కొత్తగా చేసిన సీసా ఒకటి బ్యాగులో తెచ్చుకున్నాను. వీధి తలుపు తీసే ఉంది. అక్క పెరటి వసారాలో కూర్చుని ఉంది. నన్ను చూసి ముందున్న పళ్ళేన్ని కొంగుతో కప్పేసింది.

"ఏంటే, చెప్పా పెట్టకుండా?"

ఆ మాట అనడంలోనే నాలుక కనపడింది. నల్లగా ఉంది.

"ఏం తింటున్నావక్కా?"

"ఏముందే, ఆ బ్లూబెర్రీలే. మీ బావగారు తెచ్చారు."

వేరే ఎవరైనా నమ్మేవాళ్ళేమో. ఇన్నేళ్ళుగా ఆ పండుతో కాపురం చేస్తున్నదాన్ని నేను. అది పైకే నలుపు, కోస్తే లోపల తెలుపు. పచ్చిది ఎంత నమిలినా నాలుక అంత నల్లబడదు. పైగా దానికి గింజే ఉండదు. కొంగు కింద నుంచి నాలుగు గింజలు, కాస్త ఉప్పు బయటికి కనపడుతున్నాయి.

అప్పుడే బావగారు వచ్చారు. "ఎప్పుడొచ్చావమ్మా? రేపల్లె పళ్ళు వచ్చాయి చూశావా? మీ ఇల్లు కొన్నాయన ఏటా బస్సులో పంపుతాడు. అయ్యో, నువ్వు తినవు కదూ, కాశీలో వదిలావు."

"అక్క కూడా వదిలిందిగా బావగారూ."

"మీ అక్క వదిలింది బ్లూబెర్రీ కదమ్మా!" ఆయన పెద్దగా నవ్వారు. "ఏదో కేకు డబ్బా మీద బొమ్మ చూసిందట. ఎన్నడూ తినని పండు వదిలితే దిగులుండదని ఘాట్ మీద నా చెవిలో చెప్పింది. తీరా చూస్తే ఆ ఏడాదే మావాడు అవే తెప్పించడం మొదలెట్టాడు! అందుకేగా డబ్బాలన్నీ నీకు."

అక్క ఆ గింజల్ని కొంగు కిందికి తోసింది.

"మరి నా పచ్చడి?" అన్నాను.

"పక్కింటి మాస్టారికి ప్రాణం ఆ పచ్చడంటే. వేళ్ళు నాక్కుంటాడు," అన్నారు బావగారు.

ఆ వేళ్ళు కూడా అక్కవి కావన్నమాట.

అప్పుడు అక్క నోరు విప్పింది. "రైల్లో నిజంగానే అనుకున్నానే. మెట్లు దిగాక మన చెట్టు గుర్తొచ్చింది. నోరు రాలేదు."

"నాకు గుర్తు రాలేదా?"

"అప్పటికే నువ్వు చెప్పేశావు కదే, ఏం చెయ్యను?" అని పళ్ళెం నా వైపు జరిపింది. "ఇన్నేళ్ళు ఆగావు, చాలు. నువ్వూ తినేయవే. గంగమ్మ ఏమన్నా చూడొస్తుందా?"

అవి మా చెట్టు పళ్ళే. పొడుగ్గా, తోలు నిగనిగలాడుతూ. వగరు వాసనకి నా నోట్లో నీళ్ళూరాయి. అయినా పళ్ళెం వెనక్కి జరిపాను. గంగకి ఇచ్చిన మాట గంగదే. కానీ ఆ మాట నేను ఇచ్చింది అక్క కోసం. అది ఆవిడకి చెప్పలేదు. చెప్పినా ఏదో సమాధానం ఉండే ఉంటుంది.

కాఫీ కూడా తాగకుండా లేచి, నేరుగా పక్కింటి గుమ్మం ఎక్కాను. మాస్టారు తలుపు తీశారు. బ్యాగులోంచి సీసా తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఓ, మళ్ళీ పంపారా! మీ అక్కగారి చేతిలో ఏదో ఉందండి," అన్నారు ఆయన.

"ఇది మా అక్క చేసింది కాదండి."

"అదేంటండి? ఆవిడ తనే చేశానన్నారే!"

"చేసింది నేనండి. మొదటి సీసా నుంచీ నేనే. ఇప్పుడే రుచి చూసి చెప్పండి, ఉప్పు సరిపోయిందా?"

ఆయన బిత్తరపోయి, అక్కడే నిలబడి వేలితో తీసుకుని నాలుకకి రాసుకున్నారు.

"సరిపోయిందమ్మా. సరిగ్గా సరిపోయింది."

గోడ అవతల పెరట్లో అక్క ఉంది. వినపడే ఉంటుంది.

డబ్బాలు ఇప్పటికీ వస్తున్నాయి, పండు చేసిన తప్పేం లేదు కనక నేనూ తీసుకుంటున్నాను. పచ్చడి సీసా మాత్రం మూత మీద మాస్టారి పేరు రాసి బావగారికిస్తున్నాను. ఈ జూన్‌లో నేను ఫోన్ చెయ్యలేదు. అక్కే చేసింది.

"తెనాలిలో వచ్చాయా ఏంటే?"

"వచ్చాయి. నీ నాలుక ఎలా ఉంది?"

అక్క నవ్వింది. నేను నవ్వలేదు.